ఎడమ పెడలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది నేను గొప్పకు చెప్పుకునే మాట కాదు, జనగామ డిపోలో ఎవరిని అడిగినా చెప్తారు. పద్దెనిమిదేళ్లుగా బస్సు కండక్టర్‌ని. మెట్ల మీద నిలబడ్డవాణ్ని లోపలికి జరగమని ఒకసారి మెల్లగా చెప్తాను, రెండోసారి గట్టిగా చెప్తాను, మూడోసారి బస్సు ఆపిస్తాను. కడుపులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడటం నాకు చేతకాదు. అలాంటి నాకు ఒక్క మనిషి ముందు మాత్రం నోరు పెగలదు. ఆ మనిషి తొర్రూరులో సైకిల్ టాక్సీ, అంటే అద్దె సైకిళ్ల దుకాణం, నడిపే ముసలి మిస్త్రీ. నేను ఆయన్ని కాకా అంటాను.

పాత ఇనుప సైకిళ్ల పిచ్చి నాకు బస్సు కిటికీలోంచే అంటుకుంది. తొర్రూరు రూటులో రోజూ తిరుగుతుంటే గోడలకు ఆనించిన సైకిళ్లు కనపడేవి. పాలకుర్తి దాటాక ఒక ఇంటి కొట్టం పక్కన, ఎండకు ఎండి వానకు తడిసి, కోళ్లు ఎక్కి కూర్చునే ఒక ఆకుపచ్చ సైకిలు ఉండేది. కడ్డీ బ్రేకులు, గొలుసును పూర్తిగా మూసే రేకు, తోలు సీటు. దాన్ని రెండు నెలలు చూశాను. మూడో నెల సెలవు పెట్టి, దిగి, అడిగి తెచ్చుకున్నాను. మా ఆయన దాన్ని చూసి, "ఇనుప సామాన్లోనికి పొయ్యేటిది, ఇంట్లకొచ్చింది" అన్నాడు. నేను ఆయన్ని చూసిన చూపుకు మళ్లీ ఆ మాట అనలేదు.

ఆ ఆకుపచ్చ సైకిలును బాగుచేయించడానికే మొదటిసారి కాకా దగ్గరికి పోయాను. అప్పటికి ఆయన వయసు డెబ్బై దగ్గర. దుకాణం అంటే రేకుల కప్పు, ఒక బల్ల, కిరోసిన్ డబ్బా, గోడకు వేలాడే రిమ్ములు. అద్దెకు సైకిళ్లు తీసుకునే రోజులు ఎప్పుడో పోయాయి. చిన్నపిల్లల సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ కూర్చున్న ఆయన నా సైకిలును చూసి లేచి నిలబడ్డాడు. మనిషిని చూసి లేచినట్టే లేచాడు. చేత్తో చట్రం మీద తుప్పు తుడిచి, గోటితో గీకి, "అసలు ఉక్కు బిడ్డా. ఇప్పటి రేకు కాదు" అన్నాడు.

అబ్బ, ఆయన పని! ఎంత చూసినా తనివి తీరదు. చట్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆయన దగ్గర ఉన్న పరికరం ఒక నూలు దారం. వెనక చక్రం కూర్చునే చోట ఒక వైపు కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో వైపుకు తెచ్చి కడతాడు. ఆ రెండు దారాల మధ్య సీటు గొట్టానికి అటు ఇటు ఎంత సందుందో వేలితో చూస్తాడు. తేడా ఉంటే చట్రం వంగిందన్నమాట. చక్రాన్ని ఇరుసులో బిగించాక మెల్లగా తిప్పి వదిలేస్తాడు. తిరిగి తిరిగి ఆగబోతూ, గాలి కొట్టే వాల్వు బరువుకు వెనక్కి జారి, వాల్వు సరిగ్గా కిందికి వచ్చి ఆగాలి. ఆగకపోతే మళ్లీ విప్పుతాడు. ఒకసారి ఐదుసార్లు విప్పాడు. ఐదోసారి వాల్వు కిందికి వచ్చి నిలబడ్డప్పుడు ఆయన ముఖం చూడాలి.

ఆకుపచ్చ సైకిలు తయారైన రోజు తొక్కి చూడమన్నాడు. మార్కెట్ దాకా పోయి వచ్చాను. "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగాడు. "గాలి లెక్క పోతాంది కాకా" అన్నాను. ఇప్పటికీ రోజూ దాని మీదే డిపోకు పోతాను. కుడి చేత్తో హ్యాండిల్‌ను కాస్త నొక్కి పట్టుకోవాలి, అంతే. అది అలవాటైపోయింది.

తర్వాత ఒకటొకటిగా చేరి, ఆకుపచ్చదానితో కలిపి ఇంట్లో ఏడు సైకిళ్లయ్యాయి. పని నేర్చుకున్నాను. విప్పడం, కిరోసిన్‌లో నానబెట్టడం, తుప్పు గీకడం, గ్రీజు పెట్టడం ఇంట్లో నేనే చేస్తాను. చట్రం వంకరలు తీయడానికి మాత్రం కాకా దగ్గరికి పోతాను. పని వచ్చేసరికి కొంచెం పొగరు కూడా వచ్చింది. ఏ సైకిలుకు ఆ కంపెనీ సామానే ఉండాలి, ఒక్క బోల్టు కూడా వేరేది ఉండొద్దు అని పట్టు పట్టాను. నా ఫోన్లో సైకిళ్ల వాళ్ల వాట్సాప్ గుంపు ఒకటుంది. అందులో ఫోటో పెడితే "పూర్తి ఒరిజినల్" అని నలుగురు మెచ్చుకోవాలి. ఆ మెప్పు కోసం నేను చేసిన తెలివితక్కువ పని గురించే ఇప్పుడు చెప్తున్నాను.

పోయిన ఏడాది కాటారం దగ్గర మా వదిన వాళ్ల ఊరికి బోనాలకు పోయినప్పుడు, ఒక ఇంటి వరండాలో నల్ల సైకిలు కనపడింది. చట్రం మీద బంగారు గీతలు ఇంకా చెరగలేదు. అక్కడే ఆగిపోయాను. ఆ ఇల్లు చర్చి అయ్యగారిది. ఆయన కంటి ఆపరేషన్ కోసం హన్మకొండ దవాఖానలో ఉన్నాడు, ఇంట్లో అమ్మగారు ఒక్కతే ఉంది. సైకిలు అమ్ముతారా అని అడిగితే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తీస్కపో అమ్మా. ఆయన వచ్చేటాల్లకు ఇది నా కండ్ల ముందట ఉండొద్దు. ఆయన తొక్కుడు సాలు, నా కాపడం పెట్టుడు సాలు" అన్నది.

కాపడం ఏమిటో నేను అడగలేదు. సైకిలు నాదైందన్న సంతోషంలో నాకు ఇంకేదీ వినపడలేదు.

ఇంటికి తెచ్చి విప్పుతుంటే ఒక లోపం కనపడింది. పెడలును మోసే ఇనుప చెయ్యిని క్రాంకు అంటాం. ఈ సైకిలుకు కుడి క్రాంకు మామూలుగా ఉంది, ఎడమది దానికంటే పొట్టిగా ఉంది. మధ్యలో ఎవరో కోసి, మళ్లీ అతికించారు. అతికిన చోట పసుపుపచ్చగా ఇత్తడి గీత. ఎవడో అడ్డదిడ్డంగా చేసిన మరమ్మతు అనుకున్నాను. మూడు నెలలు వెతికితే మహబూబాబాద్‌లో, మా నోటికి మానుకోటలో, ఒక పాత సామాన్ల దుకాణంలో అదే కంపెనీ ఎడమ క్రాంకు దొరికింది. ఎగిరి గంతేశాను. అది బిగించి, ఆ పొట్టిదాన్ని వీధిలోకి వచ్చిన ఇనుప సామాన్ల బండిలో పడేశాను. చట్రం ఒక్కటే కాకా దగ్గరికి తీసుకుపోయి దారం పెట్టించాను. క్రాంకు సంగతి ఆయనకు చెప్పలేదు. ఫోటో పెడితే గుంపులో అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత రెండు నెలలకు ఒక ఫోన్ వచ్చింది. మెల్లటి గొంతు.

"అమ్మా, నేను కాటారం కాడి అయ్యగారిని. నా సైకిలు మీ దగ్గర ఉన్నదట గద. మా ఆమె చెప్పింది."

నేను అప్పటికే గొడవకు సిద్ధమయ్యాను. అమ్మినాక మళ్లీ అడగడమేంది అని నోటిదాకా వచ్చింది. ఆయన మాత్రం నిలదీయలేదు.

"నాకు మోకాలు వంగదమ్మా, చిన్నప్పుడు చెట్టు మీదికెల్లి పడ్డ. ఆ సైకిలు మీదనే ప్రతి ఆదివారం అడివి అంచు మీది రెండు గూడేలకు ప్రార్థనకు పొయ్యేటోన్ని. ఆటో ఆ బాటల పోదు. ఐదు నెలలాయె, పోక. వాళ్లేమో అయ్యగారు ఎప్పుడొస్తడని కబురు పంపుతాండ్రు. మీకు ఇయ్య బుద్ధయితే తీసుకుంట, లేకుంటే ఏం బాధ లేదు. గానీ ఒక్కటి చెప్పుండ్రి. ఆ ఎడమ పెడలు భద్రమేనా? అది పోతే ఇంకో సైకిలు కొన్నా నాతోని కాదు."

"భద్రమే అయ్యగారూ" అన్నాను. పద్దెనిమిదేళ్లలో వెయ్యి మంది ముందు వెయ్యి నిజాలు కుండబద్దలు కొట్టినట్టు చెప్పిన నేను, పోయిన మోకాలితో ఐదు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషికి పచ్చి అబద్ధం చెప్పాను. సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ సైకిలు వైపే చూశాను. అది తళతళా మెరుస్తూ ఉంది.

ఇనుప సామాన్ల బండివాణ్ని పట్టుకుని అడిగితే నవ్వాడు. "అక్కా, గది ఎప్పుడో కరిగి ఇంకేందో అయి ఉంటది" అన్నాడు. ఇక దిక్కు కాకాయే. మర్నాడు తొర్రూరు పోయి, ఆయన ముందు నిలబడి, జరిగింది చెప్పాను. ఆయన చాయ గ్లాసు కింద పెట్టాడు.

"అతుకు కాడ ఇత్తడి గీత ఉండెనా?"

"ఉండె కాకా."

"గీత సన్నగ, సుట్టూ ఒక్క తీరుగ ఉండెనా?"

"ఉండె."

"అది నా చేతిది" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "ఏది పనికొస్తదో ఏది రాదో నీకు ఎట్ల తెలిసె? ఒక వస్తువు మనిషి దగ్గర ముప్పై ఏండ్లున్నదంటే ఎందుకున్నదని అడగాలె గద! ఫోటో కోసం తీసి పారేస్తవా?" నేను తల వంచుకుని నిలబడ్డాను. నన్ను అలా తిట్టే హక్కు లోకంలో ఇంకెవరికీ ఇవ్వను.

కోపం దిగాక ఆయనే చెప్పాడు. ముప్పై ఏళ్ల కింద ఒక పడుచువాడు ఒంటికాలితో సైకిలు తొక్కుకుంటూ దుకాణానికి వచ్చాడట. ఎడమ కాలు పక్కకు వేలాడుతోంది. అప్పుడు వాళ్లది తొర్రూరు పక్క ఊరే. "రెండు కాళ్లతోని తొక్కాలనుంటది అన్నా" అన్నాడట. మోకాలు సగమే వంగుతుంది కాబట్టి ఆ వైపు పెడలు చిన్న చుట్టు తిరిగితే చాలని కాకాకు తట్టింది. ఆ రోజంతా కూర్చుని క్రాంకు కోసి, నడుమ ముక్క తీసేసి, ఇత్తడితో అతికించాడు. పైసలు తీసుకోలేదు. ఎంత ముక్క తీశాడో మాత్రం ఇప్పుడు గుర్తు లేదు.

"మనిషిని చూడాలె. పోదాం పా" అన్నాడు.

నా తర్వాతి సెలవు రోజున బయలుదేరాం. నల్ల సైకిలు చక్రాలు విప్పి, చట్రాన్ని గోనెసంచిలో చుట్టి బస్సు వెనక సీటు దగ్గర పెట్టాను. రోజూ లగేజీ కోసం ప్రయాణికుల మీద అరిచే నేను ఆ రోజు ఒక కండక్టర్ పిల్లతో మాటలు పడ్డాను. "అక్కా, నీకు రూల్స్ తెల్వవా?" అన్నది. తెలుసు కాబట్టే నోరు మూసుకున్నాను. హన్మకొండలో మారి, భూపాలపల్లిలో మారి, కాటారంలో దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, దారి పొడవునా పనిముట్ల సంచి ఒడిలోంచి దించలేదు.

వస్తున్నామని ఫోన్ చేశాను కాబట్టి అయ్యగారు, అమ్మగారు కాటారంలో వెల్డింగ్ షాపు దగ్గరే ఎదురుచూస్తున్నారు. కాకాను చూసి అయ్యగారు గుర్తుపట్టి, "అన్నా!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను వెంటనే చెప్పేశాను. "అయ్యగారూ, ఫోన్ల అబద్ధం చెప్పిన. మీ ఎడమ పెడలు నేనే పారేసిన" అన్నాను. ఆయన నావైపు చూసి, "పోనీ తియ్యమ్మా, చేసినాయననే తోలుకొచ్చినవు గద" అన్నాడు. తిట్టినా బాగుండేది.

కాకా పని మొదలుపెట్టాడు. వెల్డింగ్ షాపులో ఒక ఇనుప పట్టీకి వేలు మందం ఎడంతో నాలుగు రంధ్రాలు పెట్టించి, దాన్ని ఎడమ వైపు క్రాంకుకు గట్టిగా కట్టాడు. పెడలును ఒక్కో రంధ్రం లోపలికి మార్చుకుంటూ, చుట్టు చిన్నది చేసుకుంటూ చూడొచ్చన్నమాట. సైకిలును స్టాండు మీద నిలబెట్టి, అయ్యగారిని ఎక్కించి, గోడ పట్టుకోమన్నాడు. చక్రం గాలిలో తిరుగుతుంది, మనిషి ఉన్నచోటే ఉంటాడు. కాకా పక్కన పీట వేసుకుని కూర్చుని, అరచేయి అయ్యగారి ఎడమ మోకాలి మీద పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

మొదటి రంధ్రంలో కాలు పైకి రానే లేదు. రెండో రంధ్రంలో పెడలు తిరిగింది. అయ్యగారి ముఖం వెలిగింది. "ఇదే అన్నా, ఇదే! ముందటి లెక్కనే ఉన్నది. సాలు, ఇగ బిగించు."

"నువ్వు మాట్లాడకు తమ్మీ. నీ మోకాలును చెప్పనీ" అన్నాడు కాకా. "తొక్కు."

అయ్యగారు తొక్కాడు. కాకా చేయి మోకాలి మీదే ఉంది. పెడలు పైకి వచ్చిన ప్రతిసారీ ఆ చేయి కొద్దిగా అదరడం నాకూ కనపడింది. ఇరవై చుట్లు తిప్పించి, ఆపించి, ఏమీ అనకుండా పెడలును మూడో రంధ్రంలోకి మార్చాడు. "ఇప్పుడు తొక్కు."

చక్రం తిరిగింది. చేయి అదరలేదు. అయ్యగారు తొక్కుతూనే ఉన్నాడు. తల కిందికి వంచి తన మోకాలు వైపే చూసుకుంటున్నాడు. అది తనదేనా కాదా అన్నట్టు చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపరేషన్ చేసిన కన్ను అని అమ్మగారు పరుగున వచ్చి కొంగుతో ఒత్తింది.

కాకా కళ్లు తెరిచాడు. "అంటే ముప్పై ఏండ్లు అది వేలు మందం పొడుగున్నది" అన్నాడు. "ప్రతి చుట్టుకు నొచ్చేదా?"

అమ్మగారే చెప్పింది. "నొచ్చుడా! ప్రతి ఆదివారం పొద్దూకినంక వచ్చి మంచంల పడుడే. ముప్పై ఏండ్ల సంది ఇసుక మూటలు వేడి చేసి కాపడం పెడుతాన నేను. అందుకనే గద, ఆయన లేంది చూసి అమ్మిన."

"మరి ఎందుకు రాలేదు తమ్మీ? రెండు నిమిషాల పనాయె!" కాకా గొంతు పెరిగింది.

"ఎట్ల వస్తనన్నా? పైస తీసుకోకపోతివి. దినమంత నా కోసం కూసొని చేస్తివి. అయిపోయినంక 'ఎట్లున్నది తమ్మీ' అని గంత సంబురంగ అడిగితివి. మంచిగున్నదంటి. మళ్ల వచ్చి మంచిగ లేదని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"నాకు రెండో దినమే అనుమానమొచ్చింది" అన్నాడు కాకా. "ఇంకింత కోసుంటే బాగుండు అనిపించింది. నువ్వు మళ్ల రాకపోతివి. రాలేదంటే మంచిగనే ఉన్నదనుకున్న. పిలిచి అడుగుదామంటే, చేసిన పని మీద నాకే నమ్మకం లేదంటరని సిగ్గు."

ఆ తర్వాత పని చకచకా సాగింది. నేను మూడు నెలలు వెతికి తెచ్చిన క్రాంకును నా చేతికే ఇచ్చి, "గట్టిగ పట్టుకో బిడ్డా" అన్నాడు. నేను పట్టుకున్నాను, ఆయన రంపంతో కోశాడు. నడుమ ముక్క టక్కున కింద పడింది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కూడా బాధ కలగలేదు. మంట కింద ఇత్తడి కరిగి, రెండు ముక్కల సందులోకి పాకి, సన్నటి పసుపు గీతగా నిలిచింది. ఆ ముసలి చేయి ఒక్కసారి కూడా వణకలేదు. వెల్డింగ్ షాపతను తన పని ఆపేసి వచ్చి చూస్తూ నిలబడ్డాడు.

అయ్యగారు రోడ్డెక్కాడు. బస్టాండు దాకా పోయాడు, తిరిగి వచ్చాడు. దిగుతాడేమో అని మేం చూస్తే దిగలేదు, మమ్మల్ని దాటి అవతలి వైపు పోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. అమ్మగారు నడుం మీద చేతులు పెట్టుకుని, "గీయనకిప్పుడు అన్నం యాది లేదు" అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఎట్లున్నది?" అని కాకా అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

సాయంత్రం బస్సులో కాకా కిటికీ పక్కన కూర్చున్నాడు. పనిముట్ల సంచి ఒడిలో ఉంది. భూపాలపల్లి దాకా బయటికే చూస్తున్నాడు. అలసిపోయాడనుకున్నాను. పరకాల దాటాక ఉన్నట్టుండి నావైపు తిరిగాడు.

"బిడ్డా, నిన్నొక మాట అడుగుత. నువ్వు ఎవలకు భయపడవు, ఉన్నది ఉన్నట్టు మొఖం మీదనే అంటవు. నేను నీకు ఏడు సైకిల్లు చేసిచ్చిన. ఏ ఒక్కటన్న మంచిగ లేదా?"

"అన్ని మంచిగున్నయి కాకా" అనబోయాను. ఆ మాట నాలుక మీదికి ఎంత తేలిగ్గా వచ్చిందో! ఆయన నా ముఖం చూడటం లేదు. నా కుడి చేయి చూస్తున్నాడు. మణికట్టు దగ్గర, హ్యాండిల్‌ను నొక్కి నొక్కి కాయ కాచిన చోటు చూస్తున్నాడు.

"ఆకుపచ్చది కాకా" అన్నాను. "ఎడమకు గుంజుతది."

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని వంగి చూశాను. నవ్వుతున్నాడు. ఒడిలోని సంచి గలగలమనేంతగా నవ్వుతున్నాడు.

"ఏడేండ్లు!" అన్నాడు. "రేపు పొద్దుగాల్నే తీస్కరా."